నిల్ రిపోర్టు

విజయవాడ సింగ్‌నగర్ అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చి నాలుగు రోజులు పై వాటాలో చిక్కుకుపోయారు. అప్పటి నుంచి వాన పడితే చాలు టెన్షన్, రాత్రుళ్లు నిద్ర లేదు. ఫోను తెరిస్తే యుద్ధాలు, ఏటికేడు పెరిగే ఎండలు, ఏఐ వచ్చి ఉద్యోగాలు పోతాయన్న కబుర్లు. పెళ్లయి మూడేళ్లయినా బిడ్డని కనడానికి మనసు ఒప్పుకోవడం లేదు. మనుషుల భవిష్యత్తు మీద ఆశ పెట్టుకోవడానికి నిజమైన కారణాలు ఉన్నాయా, అంతా మంచే జరుగుతుందన్న మాట మాత్రం చెప్పకండి అని అడిగింది.

చెప్పను తల్లీ. ఆ మాట నాకూ నచ్చదు. నీది నా చిన్న కూతురి వయసు, అందుకని నువ్వు అనే రాస్తున్నాను. నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఆరేళ్లు పనిచేశాను, మొదట ఏఎన్‌ఎంగా, అంటే పల్లె నర్సుగా, తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా. 2017లో రిటైరయ్యాను. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో నేను ఎక్కని గడప తక్కువ. పురుళ్లు, టీకాలు, జబ్బులు, చావులు, నా అనుభవమంతా అందులోనే ఉంది. దాంట్లోంచే చెబుతాను.

మా ఉద్యోగంలో ఒక కాగితం ఉండేది. నిల్ రిపోర్టు అనేవాళ్లం. సబ్‌సెంటర్ నుంచి పీహెచ్‌సీకి వేళకి పంపాల్సిందే. పోలియో అనుమానం కేసులు ఎన్ని, పురిటి బిడ్డల ధనుర్వాతం ఎన్ని, కంఠసర్పి ఎన్ని, కోరింత దగ్గు ఎన్ని, తట్టు ఎన్ని అని వరసగా గడులుండేవి. కేసు లేకపోతే గడి ఖాళీగా వదలకూడదు. 'నిల్' అని రాయాలి. ఖాళీ గడి అంటే కేసు లేదనీ కావచ్చు, ఎవరూ వెళ్లి చూడలేదనీ కావచ్చు. నిల్ అని రాస్తే మాత్రం ఒకటే అర్థం. నేను వెళ్లాను, ఇల్లిల్లూ అడిగాను, లేదు.

చేరిన కొత్తల్లో ఆ గడుల్లో నేను అంకెలు వేసేదాన్ని.

1983లో అనుకుంటా, వేసవి. తెనాలికి పది కిలోమీటర్ల లోపు ఒక ఊరు. పుట్టి ఏడు రోజులైన ఆడపిల్ల పాలు తాగడం లేదని కబురొస్తే వెళ్లాను. తల్లికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, రొమ్ము నోటికి ఆనించి కూర్చుంది. బిడ్డ దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి, పెదాలు ఒక పక్కకి లాగేసి నవ్వుతున్నట్టు కనిపిస్తోంది. ఎవరో గదిలోకి వస్తూ తలుపు కాస్త గట్టిగా తోశారు. ఆ చప్పుడుకే బిడ్డ ఒళ్లంతా వెనక్కి వంగిపోయింది. తలా మడమలూ పక్కని తాకుతున్నాయి, నడుము గాల్లో ఉంది. ధనుర్వాతం అన్న పేరులో విల్లు ఎందుకుందో ఆ నిమిషంలో తెలిసింది నాకు. బొడ్డు కొడవలితో కోసి, పుండు ఆరాలని పేడ బూడిద అద్దారు. వాళ్లకి తెలిసిన పద్ధతి అదే, వాళ్ల అమ్మలకీ అదే. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. వెలుతురు, చప్పుడు తగలకుండా చీకటి గదిలో ఉంచారు. మూడో రోజు పోయింది. బస్సులో తిరిగొస్తూ ఆ తల్లి ఏడవలేదు. "పుట్టినప్పుడు బాగానే ఏడ్చిందమ్మా" అని మాత్రం మళ్లీ మళ్లీ అంది.

ఆ నెల రిపోర్టులో ఒకటి అని రాశాను.

ఆ రోజుల్లో మన దేశంలో ఏడాదికి లక్ష మందికి పైగా పసికందులు ఈ ఒక్క జబ్బుతో పోయేవాళ్లు. దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. గర్భిణికి ధనుర్వాతం రాకుండా రెండు టీటీ ఇంజెక్షన్లు, పురుడు పోసే మనిషికి శుభ్రమైన చేతులు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏదీ పూయకపోవడం. ఇంతే. కానీ ఈ ఇంతే అన్నది ఊళ్లో జరగాలంటే ఎంత తిరగాలో! ఇంజెక్షన్ చేయించుకుంటే గర్భం పోతుందని అత్తగార్లకి భయం. కోడలు నన్ను చూసి పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయేది. మంత్రసానితో నాకు మొదట్లో పడేది కాదు, ఆవిడ బతుకుతెరువు మీదికి వచ్చాననుకుంది. ఆర్నెల్లు ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాక, ఒక రోజు తనే గోళ్లు కత్తిరించుకుని వచ్చి చేతులు చాపి చూపించింది. ఆ తర్వాత ఆవిడ పోసిన ఏ పురిట్లోనూ బిడ్డకి ధనుర్వాతం రాలేదు. 1985లో టీకాల కార్యక్రమం మొదలై, విడతలుగా దేశమంతటా విస్తరించాక పని ఊపందుకుంది. ఏడాదికి మూడు రాసిన చోట ఒకటి రాశాను, తర్వాత రెండేళ్లకొకటి. ఏ నెలతో మొదలై ఆ గడిలో వరసగా నిల్ పడుతూ వచ్చిందో నేను గుర్తు పెట్టుకోలేదు. అప్పుడది గమనించాల్సిన విషయమని తోచలేదు. 2015లో మన దేశంలో ఈ జబ్బు నిర్మూలన స్థాయికి చేరిందని ప్రకటించారు. ప్రతి జిల్లాలోనూ వెయ్యి కాన్పులకి ఒక్క కేసు కన్నా తక్కువ అని లెక్క. మా వీధిలో ఒక్కరి నోటా ఆ మాట వినలేదు.

ఆ ఊళ్లకి ఇప్పుడు పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళుతుంటాను. ముప్పై ఏళ్ల ఆడపిల్లలు, మగపిల్లలు కనిపిస్తారు. వాళ్లలో కొందరు ఆ రెండు ఇంజెక్షన్ల వల్ల మిగిలినవాళ్లు. ఎవరెవరో నాకు తెలియదు, వాళ్లకీ తెలియదు. జరగని చావుకి ఫొటో ఉండదు, ఏ పేపరూ రాయదు. నీ ఫోనులో కనిపించే లోకంలో ఈ గడులు లేవమ్మా. వార్తలు అబద్ధమని నేననడం లేదు, అవి నిజమే. కానీ అంకెలు ఉన్న గడులే అక్కడికి చేరతాయి. నిల్ పడిన గడులు రిజిస్టర్లలోనే ఉండిపోతాయి. అవి కూడా చూసి లెక్క వెయ్యమని నిన్ను అడుగుతున్నాను.

పోలియో సంగతి నీకు కాస్త తెలిసే ఉంటుంది, చిన్నప్పుడు చుక్కలు వేయించుకుని ఉంటావు. పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఆదివారం బూత్, తర్వాత రెండు మూడు రోజులు ఇంటింటికీ. అందరికీ వేసిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో 'పి' అని రాసేవాళ్లం, పిల్లలు మిగిలిపోతే 'ఎక్స్'. ఆ ఎక్స్ ఇళ్లకి మళ్లీ మళ్లీ వెళ్లాలి. గుంటూరు పాతపట్నంలో ఒకాయన మూడు విడతలు తలుపు తీయలేదు. నాలుగోసారి తీసి, "మా వీధిలో మురుక్కాలవ పూడిపోయి ఏడాదైంది, ఒక్కడు రాడు. చుక్కలకి మాత్రం మీరు పదిసార్లు వస్తారు, ఇందులో ఏదో ఉంది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పిల్లల మీద ప్రేమ ఉన్న మనిషే, మన మీదే నమ్మకం లేదు. ఆయన చేత కాలవ సంగతి అర్జీ రాయించి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నెల రోజులకి కాలవ తీశారు. తర్వాతి విడతకి ఆయనే ఇద్దరు పిల్లల్నీ చంకనేసుకుని బూత్ దగ్గరికి వచ్చాడు, పక్కింటి పిల్లని కూడా తెచ్చాడు.

2009లో మన దేశంలో 741 పోలియో కేసులు వచ్చాయి. ప్రపంచంలోని కేసుల్లో దాదాపు సగం. పోలియోని వదిలించుకునే ఆఖరి దేశం ఇండియాయే అవుతుందని పెద్ద పెద్ద నిపుణులు అనేవాళ్లు. జనం ఎక్కువ, నీళ్లు బాగుండవు, పిల్లలకి విరేచనాలు, వేసిన చుక్క ఒంటపట్టదు. వాళ్ల కారణాలన్నీ సరైనవే. అయినా 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకి వచ్చిన కేసే ఆఖరిది. మూడేళ్లు వెతికి, ఇక లేదని తేలాక, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. 741 నుంచి ఆఖరి కేసుకి రెండేళ్లు కూడా పట్టలేదు. అందుకే, ఎంత చదువుకున్నవాళ్లైనా ఇది అయ్యే పని కాదని గట్టిగా చెప్పినప్పుడు నేను విని ఊరుకుంటాను, నమ్మేసి ఇంటికి మాత్రం వెళ్లను.

మా నాయనమ్మ గురించి ఒకటి చెప్పాలి. అన్నం పారేస్తే, "నందన కరువు చూడలేదు మీరు" అనేది. నిజానికి ఆవిడా చూడలేదు, వాళ్ల నాయనమ్మ నోట విన్నది. 1832-33, నందన నామ సంవత్సరం. డొక్కలు తేలిన మనుషులు వీధుల్లో పడిపోయారని డొక్కల కరువని కూడా అంటారు. గుంటూరు ప్రాంతంలో సుమారు ఐదు లక్షల మంది ఉంటే దాదాపు రెండు లక్షల మంది పోయారని లెక్క. నన్ను ఇప్పటికీ కలచివేసేది వేరే సంగతి. కృష్ణ అప్పుడూ పక్కనే ఉంది. నీళ్లు కళ్ల ముందే సముద్రంలోకి పోయేవి, పొలానికి మళ్లించే కట్ట లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు, కాటన్ దొర వేసిన దారిలో కెప్టెన్ ఆర్ చేతుల మీదుగా. కంపెనీ వాళ్లు దయతలచి కట్టారని నేననను, కరువులో శిస్తు పడిపోయిందన్న లెక్క కూడా అందులో ఉంది. కానీ రాళ్లు మోసింది, బురదలో నిలబడి పేర్చింది మన వాళ్లే, వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ కట్ట తొంభై ఏడేళ్లు నిలిచి 1952లో తెగింది. దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇవాళ దాని కింద 13 లక్షల ఎకరాలు. మా మనవడికి నందన కరువు అన్న మాటే తెలియదు. వాడికి తెలియకపోవడం నాకెంత సంతోషమో!

నాయనమ్మ ముఖం నిండా మశూచి మచ్చలుండేవి. ఆవిడ తమ్ముళ్లు ఇద్దరు ఆ జబ్బుతోనే పోయారట. జబ్బు పేరు పలికేది కాదు, పెద్దమ్మవారు అనేది, అంటూ చెంపలేసుకునేది. 1975 నాటికి మశూచి కేసు చూపిస్తే వెయ్యి రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది, అంత డబ్బుకి కూడా చూపించడానికి మనిషి దొరకలేదు. 1980లో ప్రపంచం మొత్తం మీదే లేదన్నారు. నాయనమ్మ అప్పటికి బతికే ఉంది. చెబితే నమ్మలేదు. "అమ్మవారు ఎక్కడికీ పోదే, నిద్రపోతోంది" అంది. ఆవిడ జీవితం ఆవిడకి నేర్పింది అది. ఆ విషయంలో మాత్రం ఆవిడ మాట నిజం కాలేదు.

ఇక నీళ్ల సంగతికి వస్తాను, నీ భయం అక్కడే మొదలైంది కాబట్టి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. నేనప్పుడు ఏఎన్‌ఎం ట్రైనింగ్‌లో ఉన్నాను. కలరా ఇంజెక్షన్లు వేయడానికి మమ్మల్ని బ్యాచిలుగా పంపారు. తుమ్మచెట్ల పై కొమ్మలకి చీరలు చుట్టుకుని ఉన్నాయి, అంత ఎత్తున నీళ్లు వచ్చాయన్నమాట. ఊరి బావిలో నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. సర్కారు లెక్క పది వేల దాకా, అక్కడి జనాన్ని అడిగితే అంతకంటే చాలా ఎక్కువ. సాయంత్రం దాకా మామూలు గాలివాన అనుకున్నామని బతికినవాళ్లు చెప్పారు. వాళ్లకి చెప్పినవాళ్లు లేరు, చెప్పినా వెళ్లి తలదాచుకోవడానికి గట్టి కట్టడం లేదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది, మా బంధువుల్లోనే ఇద్దరు రైతులు ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. కానీ రెండు రోజుల ముందే ఎక్కడ దాటుతుందో తెలుసు, ఫోన్లు మోగాయి, తీరంలో జనాన్ని షెల్టర్లకి తరలించారు. ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోలేదు. ఒడిశాలో 1999 తుఫానుకి దాదాపు పది వేల మంది పోతే, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశాలో, ఆంధ్రలో కలిపి లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్లు యాభై లోపే. సముద్రం అదే, గాలి అదే. ఉపగ్రహాలు, షెల్టర్లు, ఊరూరా మైకు పట్టుకు తిరిగే మనుషులు, ఇవి కొత్తగా వచ్చాయి.

నీ ఇంట్లోకి వచ్చిన వరద మాత్రం మన చేతకానితనమే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లోనే బుడమేరుకి గండ్లు పడ్డాయి. ఏటి దారిలో ఏళ్ల తరబడి కట్టుకుంటూ పోయిన ఇళ్లు, పూడిపోయిన కాలవలు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. దాన్ని వాన మీదికి నెట్టేస్తే అన్యాయం. ఇలాంటి చోట నాకు కోపమే వస్తుంది, ఆశ అన్న పేరుతో ఆ కోపాన్ని కప్పిపెట్టమని నీకు చెప్పను. అయితే నీ ప్రశ్నలో ఒక్క లైనులో రాసి దాటేసిన సంగతి ఒకటుంది. రెండో రోజు ఎవరో కుర్రాడు లారీ ట్యూబు మీద ఈదుకుంటూ వచ్చి, నువ్వు వదిలిన తాడుకి పాల ప్యాకెట్లూ కొవ్వొత్తులూ కట్టి పైకి పంపాడనీ, పేరు అడిగేలోపే పక్క సందులోకి వెళ్లిపోయాడనీ రాశావు. ముప్పై ఆరేళ్లలో నేను చూసిన మనుషులు ఎక్కువ మంది ఆ కుర్రాడిలాంటివాళ్లే. ఆ మంత్రసాని, తర్వాత పక్కింటి పిల్లని కూడా తెచ్చిన ఆ తండ్రి. మనుషుల గురించి లెక్క వేసేటప్పుడు వరదనొక్కదాన్నే రాసుకుని అతన్ని వదిలేస్తే ఎలా?

నాకు ఆశ ఎప్పుడూ చెదరలేదని అనుకోకు. 2021 మే నెలలో మా తమ్ముడు కోవిడ్‌తో పోయాడు. వాడికి యాభై రెండు. టీకాకి వయసు అర్హత ఏప్రిల్ నుంచే ఉంది, "చూద్దాంలే అక్కా, రష్ తగ్గనీ" అన్నాడు. జీవితమంతా ఊళ్లో వాళ్ల గడపల్లో కూర్చుని టీకాలకి ఒప్పించిన నేను, వాడి మీద గట్టిగా పట్టుబట్టలేదు. ఆక్సిజన్ బెడ్ కోసం ఒక రాత్రంతా మూడు ఆసుపత్రులు తిరిగాం. మూడో చోట గేటు దగ్గర స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. నాలుగో రోజు వెళ్లిపోయాడు. ఆ తర్వాత పదిహేను రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంత చేసి ఏం లాభం అనుకున్నాను, నువ్వు ఇప్పుడు అనుకుంటున్నట్టే.

పదహారో రోజు పాత సబ్‌సెంటర్ అమ్మాయి ఫోన్ చేసి, టీకా సెషన్‌లో రాసేవాళ్లు లేరు, ఒక్కపూట వస్తారా అంది. వెళ్లాను. క్యూలో నా తమ్ముడి వయసు వాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి పేరు రాస్తుంటే చెయ్యి వణికింది, కానీ రాశాను. ఆ ఒక్కపూట నాలుగు నెలలయింది. పోలియో వైరస్‌ని 1908లో గుర్తిస్తే టీకా 1955లో వచ్చింది, నలభై ఏడేళ్లు. కోవిడ్‌కి ఏడాది కూడా పట్టలేదు. డబ్బున్న దేశాలు ముందుగా తీసేసుకున్నాయి, అది మరిచిపోలేం. అయినా 2022 జులైకి మన దేశంలో 200 కోట్ల డోసులు పడ్డాయి. ఒక్కో డోసు వెనకా టీకాల క్యారియర్ భుజాన వేసుకుని వెళ్లిన ఒక అమ్మాయి ఉంది. తమ్ముడు తిరిగిరాడు. ఆ బాధ అలాగే ఉంది, ఈ లెక్క కూడా అలాగే ఉంది. ఒకదానితో ఒకటి చెల్లు కావు.

నువ్వు రాసిన మిగతావాటిలో రెండు ముక్కలు చెబుతాను. ఎండల సంగతి, బెజవాడలో ఉన్నదానివి నీకు వేరే చెప్పనక్కర్లేదు. ప్రమాదం నిజంగానే పెద్దది. కానీ సోలార్ కరెంటు ఖర్చు 2010 నుంచి 2023 నాటికి దాదాపు పదో వంతుకి పడిపోయిందని, ఇదివరకు ఈ శతాబ్దం చివరికి భూమి 4 డిగ్రీల దాకా వేడెక్కుతుందన్న అంచనాలు ఇప్పుడు 3 లోపుకి వచ్చాయని కూడా తెలుసుకో. 3 కూడా చాలా ఎక్కువే, ఇంకా దించాల్సిందే. దించగలమనడానికి ఓజోన్ పొర ఉదాహరణగా ఉంది. దానికి చిల్లు పడిందని 1985లో కనిపెడితే 1987లోనే ఒప్పందం కుదిరింది, ఒక్కటీ మిగలకుండా అన్ని దేశాలూ చేరాయి. మా పీహెచ్‌సీలో టీకాల ఫ్రిజ్ మార్చినప్పుడు కొత్తదాని మీద 'సీఎఫ్‌సీ ఫ్రీ' అని స్టిక్కర్ ఉంటే ఏమిటిది అని డాక్టరుగారిని అడిగాను. ఓజోన్‌ని తినేసే సీఎఫ్‌సీ వాయువు ఇందులో లేదు, ఆకాశంలో చిల్లు పూడ్చడానికమ్మా అన్నారు. 2040 ప్రాంతానికి, ధ్రువాల దగ్గర తప్ప, 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. యుద్ధాల విషయానికొస్తే, 1986లో ప్రపంచంలో 70 వేల దాకా అణుబాంబులుండేవి, ఇప్పుడు 12 వేలు. పన్నెండు వేలు చాలు లోకం పాడవడానికి. కానీ ఆ మిగతావాటిని కూడా మనుషులే కూర్చుని మాట్లాడుకుని విప్పేశారు. ఏఐ సంగతి ఆ రంగంలో పనిచేసేవాళ్లు చెప్పాలి.

బిడ్డ విషయం. కనడం, కనకపోవడం నీ ఇష్టం, మీ ఇద్దరి ఇష్టం. పిల్లలు వద్దని నిదానంగా ఆలోచించి నిర్ణయించుకున్న వాళ్లని చూశాను, బాగున్నారు. కానీ నిద్రపట్టని రాత్రి ఫోను చూస్తూ ఇంత పెద్ద నిర్ణయం తీసుకోకు. లోకం బిడ్డలకి పనికిరాదన్న ఒక్క కారణంతో అయితే, నా దగ్గరున్న లెక్క కూడా పక్కన పెట్టుకో. 1971లో మన దేశంలో వెయ్యి మంది బిడ్డలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. 2020కి అది 28. కేరళలో 6, అంటే మనకి ఇంకా ఎంత పని మిగిలి ఉందో చూడు. మా అమ్మ ఏడుగుర్ని కని నలుగుర్ని పెంచింది. పోయిన ముగ్గురికీ పేర్లుండేవి, ఆఖరి రోజుల్లో ఆ పేర్లతోనే మమ్మల్ని పిలిచేది. మా అమ్మ కాలంలో బిడ్డని కనడానికి ఎంత ధైర్యం కావాలో ఒక్కసారి ఆలోచించు.

ఇంకో మాట. వాన పడితే గుండె దడ, నిద్ర లేకపోవడం, ఇవి వరద తర్వాత చాలామందికి వస్తాయి. అది నీ పిరికితనం కాదు, లోకం మీద నీ అభిప్రాయమూ కాదు. దెబ్బ తగిలిన చోట సలుపుతోంది. డాక్టరుకి చూపించుకో, లేదా 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. దాన్ని వాయిదా వేయకు. "చూద్దాంలే" అన్న మాట మా ఇంట్లో ఏం చేసిందో చెప్పానుగా.

అది చూసుకుంటూనే, వచ్చే పల్స్ పోలియో ఆదివారం విజయవాడ నెహ్రూ బస్టాండు బూత్‌కి రా. పోలియో మన దగ్గర పోయినా పాకిస్తాన్‌లో, అఫ్గానిస్తాన్‌లో ఇంకా ఉంది, అందుకని చుక్కలు ఆపలేదు. రిటైరయినా నేను ప్రతిసారీ వెళుతున్నాను. ఉదయం ఏడుకల్లా ఐస్ ప్యాకులతో క్యారియర్ వచ్చేస్తుంది. టేబుల్ నీడలో వేసుకోవాలి. సీసా లేబుల్ మీద ఊదారంగు గుండ్రం, దాని మధ్యలో తెల్ల చదరం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ ఆ చదరం రంగు మారుతుంది, గుండ్రంతో కలిసిపోయిందంటే ఆ సీసా పక్కన పెట్టేయాలి. చుక్కలు నేను వేస్తాను, మార్కర్ నీకిస్తాను. ఎడమ చేతి చిటికెన వేలు, గోరు మీదా చర్మం మీదా రెండు చోట్లా పడేలా గీయాలి. బస్సు కదులుతోందని తల్లులు తొందరపెడతారు, పిల్లలు చెయ్యి లాగేసుకుంటారు. మణికట్టు దగ్గర మెత్తగా పట్టుకుంటే ఆగుతారు.